సిస్టమ్‌కి తాళం వేశాక సామాన్లెక్కడ పెట్టాలి?

పోయిన నెల స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్ గురించి ఎవరో అడిగితే "దాంట్లో సిస్టమ్ భాగాన్ని మనం మార్చడానికి ఉండదు, అప్‌డేట్ వస్తే మొత్తంగా మారిపోతుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఆ ముక్క పట్టుకునే ఈసారి ఉత్తరాలు వచ్చాయి. అదెలా సాధ్యం అని కొందరు, అదేం న్యాయం అని కొందరు, మేమే ఒకటి తయారు చేస్తున్నాం అని ఇంకొందరు. అందుకని ఈ నెల ఇమ్యూటబుల్, అంటే ఇలా సిస్టమ్ భాగానికి తాళం వేసి ఉండే డెస్క్‌టాప్‌ల ప్రశ్నలే తీసుకుంటున్నా, మిగతావి వచ్చే సంచికలో. ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని రాసినాయన మాత్రం వచ్చే నెల దాకా ఆగకండి, ఛార్జింగ్ పెట్టడం ఆపేసి వెంటనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం బీటెక్ ఫైనలియర్, కాకినాడ. ప్రాజెక్టుగా ఇమ్యూటబుల్ డెస్క్‌టాప్ ఓఎస్ చేద్దామని డెబియన్ తీసుకుని రూట్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాం. బూట్ అవుతోంది గానీ వైఫై పాస్‌వర్డ్ ప్రతిసారీ అడుగుతోంది, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ రీస్టార్ట్ చేస్తే మర్చిపోతోంది, కొత్త యూజర్‌ని పెట్టబోతే ఎర్రర్. పైగా గైడ్ మేడమ్ "ఒక్క లైనేగా మార్చారు, ఇదేం ప్రాజెక్టు" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మేడమ్ అన్నది నిజమే తమ్ముళ్లూ, రీడ్ ఓన్లీ, అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చేయడానికి ఒక్క లైన్ చాలు. కానీ ఆ లైన్ రాసిన మర్నాడు మీకు ఎదురైన గోల ఉంది చూశారా, వైఫై, ఇయర్‌ఫోన్స్, కొత్త యూజర్, అసలు ప్రాజెక్టు అదీ. ఇంటి ఓనరు గోడకి మేకులు కొట్టొద్దన్నాడంటే క్యాలెండర్ ఎక్కడ తగిలించుకోవాలో కూడా ఆయనే చూపించాలి. మీరు మేకులొద్దన్నారు గానీ కొక్కెం పెట్టడం మర్చిపోయారు.

ముందు మామూలు డెబియన్ లినక్స్‌ని ఒక వారం వాడి, రూట్ (ఫోల్డర్లన్నిటికీ పైనుండే ఫోల్డర్) కింద ఏయే ఫైళ్లు మారుతున్నాయో కాగితం మీద రాసుకోండి. రాస్తూ పోతే అవి మూడు కుప్పలుగా పడతాయి. మొదటిది తయారుచేసినవాళ్ల సొత్తు, అంటే ప్రోగ్రాములు, లైబ్రరీలు, ఐకాన్లు, ఇవన్నీ యూఎస్ఆర్ (/usr) ఫోల్డర్ కింద ఉండాలి. ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాళ్లు 2012లో 17వ వెర్షన్ అప్పుడే బిన్, లిబ్ లాంటి పై ఫోల్డర్లన్నిటినీ తీసుకెళ్లి యూఎస్ఆర్‌లో పెట్టేశారు, ఎందుకీ అనవసరపు గొడవ అని అప్పట్లో విసుక్కున్నవాళ్లు చాలామందే. కానీ ఆ సర్దుడు జరగబట్టే ఇవాళ ఒక్క ఫోల్డర్‌కి తాళం వేస్తే సిస్టమ్ మొత్తానికీ వేసినట్టవుతోంది. రెండో కుప్ప మీ సొత్తు, హోమ్ ఫోల్డరూ, దాంతోపాటు వార్ (/var) ఫోల్డర్ కింద ఉండే లాగ్‌లు, డేటాబేస్‌లు, జత కలిపిన బ్లూటూత్ పరికరాల వివరాలూ. మీ ఇయర్‌ఫోన్స్ సంగతి తేలాలంటే వార్‌ని విడిగా, రాయడానికి వీలుండేలా మౌంట్ చేస్తే సరిపోతుంది. ఈ రెండు కుప్పల దగ్గరా పెద్ద తగువేం లేదు. తగువంతా మూడోదాని దగ్గర, సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ (/etc) ఫోల్డర్.

ఈటీసీ రెండు పొలాల మధ్య గట్టు లాంటిది, ఇద్దరూ నాదంటారు. అందులో సగం ఫైళ్లు తయారీదార్లు పంపినవి, సగం మీరు దిద్దుకున్నవి: వైఫై పాస్‌వర్డులు, యూజర్ల జాబితా, గడియారం ఏ ప్రాంతం టైము చూపించాలో చెప్పే లింకు. రేపు అప్‌డేట్‌తో కొత్త ఈటీసీ వస్తే ఎవరి మాట చెల్లాలి? ఫెడోరా వాళ్ల ఇమ్యూటబుల్ డెస్క్‌టాప్‌లు సిల్వర్‌బ్లూ, కినోయిట్ నడిచేది ఓఎస్‌ట్రీ అనే ఇంజిన్ మీద. కోలిన్ వాల్టర్స్ మొదలుపెట్టిన ఆ ఓఎస్‌ట్రీ దీనికో తీర్పు చెప్పింది. తయారీదార్లు పంపిన ఈటీసీ అసలు ప్రతి ఒకటి యూఎస్ఆర్ లోపల భద్రంగా ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ పాత అసలు ప్రతికీ మీ ఈటీసీకీ ఉన్న తేడా చూస్తుంది, మీరు ముట్టుకోని ఫైళ్ల బదులు కొత్తవి పెడుతుంది, ముట్టుకున్నవి మీవి మీకే ఉంచుతుంది. మర్యాదైన పద్ధతే, కాకపోతే ఒక మెలిక ఉంది. తేడాని ఫైళ్ల లెక్కన చూస్తుంది గానీ లైన్ల లెక్కన కాదు. రెండొందల లైన్ల ఫైల్లో మీరు ఒక్క కామెంట్ చెరిపినా ఆ ఫైలు ఇక మీదే, ఆ తర్వాత తయారీదార్లు దాంట్లో ఎన్ని మంచి మార్పులు చేసినా మీ దాకా రావు, రాలేదని చెప్పేవాళ్లూ ఉండరు. అందుకే అసలు ఫైలు జోలికి పోకుండా పక్కనే ఇంకో చిన్న ఫైలు పెట్టుకునే వీలు, అంటే పేరు చివర చుక్క డి (.d) అని ఉండే ఫోల్డర్ల పద్ధతి, మీ సిస్టమ్‌లోని ప్రోగ్రాముల్లో ఎన్నిటికి ఉందో ఒక పట్టిక వేయండి. ఆ పట్టిక ఒక్కటి చూపించినా మీ మేడమ్ మెత్తబడతారని నా నమ్మకం.

ఇక కొత్త సిస్టమ్‌ని ఎక్కడికి దించాలనేది రెండో పెద్ద నిర్ణయం. ఒక దారి క్రోమ్ ఓఎస్‌ది, డిస్కులో సిస్టమ్ కోసం రెండు పార్టిషన్లు (గీత గీసి విడదీసిన భాగాలు), ఒకదాంట్లోంచి మీరు పనిచేసుకుంటుంటే రెండోదాంట్లోకి కొత్తది దిగుతుంది, రీస్టార్ట్ చేస్తే అటు మారతారు. ఆండ్రాయిడ్‌కి ఇది 2016లో 7.0తో వచ్చింది, 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లోదీ ఇదే. అర్థం చేసుకోవడం తేలిక, రాయడమూ తేలికే, కానీ మొదటిరోజు గీసిన గీత తర్వాత జరపలేరు. స్టీమ్ డెక్‌లో ఆ రెండు భాగాలూ ఒక్కోటి 5 జీబీ. మీ సిస్టమ్ ఇవాళ 4 జీబీ ఉంది కదా అని 5 ఇస్తే, మూడేళ్ల తర్వాత 5.2 అయిన రోజున అందరి డిస్కులూ మళ్లీ పార్టిషన్ చేయించాల్సి వస్తుంది.

రెండో దారి ఓఎస్‌ట్రీది. దీనికి పార్టిషన్లు అక్కర్లేదు, ఫైళ్లన్నీ ఒక గోదాములో ఉంటాయి, ప్రతి వెర్షనూ ఆ గోదాములోని ఫైళ్లకి హార్డ్‌లింకులతో (అంటే అదే ఫైలుకి ఇంకో పేరుతో) అల్లిన చెట్టు. పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ మారని ఫైలు డిస్కు మీద ఒక్కటే ఉంటుంది, అందుకని రెండు వెర్షన్లు పెట్టుకున్నా చోటు రెట్టింపు పట్టదు. ఓపెన్‌సూసే మైక్రోఓఎస్ అనే లినక్స్ వాళ్లు బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్లతో (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచే ప్రతులతో) దాదాపు ఇదే సాధించారు, నడుస్తున్న సిస్టమ్‌ని ముట్టుకోకుండా దాని స్నాప్‌షాట్ మీద అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ అయ్యాక దాంట్లోకి వెళ్తారు. నిక్స్ఓఎస్ అనే లినక్స్ అయితే పూర్తిగా వేరే లోకం, దాని వెనకున్న ఆలోచన ఏల్కో డోల్‌స్ట్రా 2006 నాటి పీహెచ్‌డీ థీసిస్‌లోది. అటు వెళ్తే దాని సొంత భాష నేర్చుకునేసరికే మీ సెమిస్టర్ అయిపోతుంది, నా మాట విని వెళ్లకండి. నలుగురు, ఆరు నెలలు అంటే రెండు పార్టిషన్ల పద్ధతే మేలు.

ఇంత కష్టం ఎందుకో నాకు బాగా తెలిసొచ్చిన రోజు ఒకటి చెప్తా. కొన్నేళ్ల కిందట ఓ మే నెల మధ్యాహ్నం మామూలు లినక్స్ ఒకటి, పేరెందుకులెండి, వెర్షన్ మారుస్తున్నాను. డెస్క్‌టాప్ మెషీన్, యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాన్నాళ్లయింది, పదిహేడు వందల ప్యాకేజీల్లో పదకొండు వందల చిల్లర పూర్తయ్యాక కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే నల్లటి తెర, కర్సర్ ఆడుతోంది అంతే. సిస్టమ్ అప్పుడు పాతదీ కాదు, కొత్తదీ కాదు, రెండింటి మధ్యా ఎవరూ ఎప్పుడూ పరీక్షించి చూడని ఒక కలగాపులగం. దాన్ని దారికి తెచ్చేసరికి రాత్రి ఒంటిగంటన్నర. అదే ఓఎస్‌ట్రీలో అయితే కొత్త చెట్టు పక్కన పూర్తిగా అల్లుకున్నాక, చిట్టచివర్లో బూట్ మెనూ ఎటు చూడాలో చెప్పే ఒక లింకు మాత్రం మారుతుంది. ఆ లింకు మారకముందు కరెంటు పోతే పాతది, మారాక పోతే కొత్తది. మధ్యలో ఇంకేం లేదు.

ఇంక రెండు గుంటలు ఉన్నాయి, మీరు పడకముందే చెప్తాను. కొత్త వెర్షన్ బూట్ కాకపోతే తనంతట తానే పాతదానికి వెనక్కి వెళ్లాలని రాసుకుంటారు, మంచిదే, సిస్టమ్‌డీ (చాలా లినక్స్‌లలో సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రాము) వాళ్ల బూట్ లోడర్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించాలో లెక్కపెట్టే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కానీ "బూట్ అయింది" అని ఎప్పుడు అనాలి? లాగిన్ తెర వచ్చినప్పుడా? లాగిన్ అయ్యాక నల్ల తెర వస్తే మెషీన్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది. సర్వర్‌కైతే ఒక పోర్టు తెరుచుకుందా లేదా చూస్తే చాలు, డెస్క్‌టాప్‌కి ఈ ప్రశ్నకి తేలిక జవాబు లేదు, మీరు ఏదో ఒక గీత గీసి ఎందుకక్కడ గీశారో రిపోర్టులో రాయండి. రెండో గుంట ఇంకా మోసకారిది. వెనక్కి వెళ్లడం అంటే యూఎస్ఆర్ వెనక్కి వెళ్తుంది గానీ మీ హోమ్, వార్ వెళ్లవు, వెళ్తే మీరు నిన్న రాసుకున్న ఫైళ్లు పోతాయి కదా. ఫైర్‌ఫాక్స్‌తో చూడండి. కొత్త వెర్షన్ ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ని పాత వెర్షన్ తెరవనంటుంది, ఇది కొత్తదానితో వాడారు అని ఒక డబ్బా చూపించి ఆగిపోతుంది. సిస్టమ్ వెనక్కొచ్చింది, బ్రౌజర్ రాలేదు. బ్రౌజర్‌ని సిస్టమ్ లోపల పెట్టకుండా ఫ్లాట్‌పాక్‌గా, అంటే తన పెట్టెలో తానుండే యాప్‌గా, విడిగా ఇవ్వడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి.

వైవా రోజున స్లైడ్లు పదికి మించి పెట్టకండి. పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకెళ్లి, అప్‌డేట్ సగంలో ఉండగా ఎగ్జామినర్‌గారి చేతే ప్లగ్ పీకించండి.

ప్రశ్న: ఖమ్మంలో పదేళ్లు నెట్ సెంటర్ నడిపాను. మేం డీప్ ఫ్రీజ్ వేసి పెట్టేవాళ్లం, పిల్లలు ఏం చేసినా రీస్టార్ట్ కొడితే మామూలే. మీరు చెప్పేది అదేగా, కొత్తేముంది?

జవాబు: అదే అనిపిస్తుంది గానీ కాదండీ. డీప్ ఫ్రీజ్ డిస్కుని ఒక రోజు దగ్గర ఆపేస్తుంది, ఆ తర్వాత జరిగినదంతా రీస్టార్ట్‌లో కొట్టుకుపోతుంది, కస్టమర్ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న రెజ్యూమేతో సహా. మీ సెంటర్లో ఆ గొడవ ఎన్నిసార్లు జరిగిందో మీకే తెలియాలి. అప్‌డేట్ చేయాలంటే మళ్లీ దాన్ని కరిగించాలి, చేయాలి, గడ్డ కట్టించాలి, ఆ ఓపిక లేక చాలాచోట్ల మూడు నాలుగేళ్లనాటి సిస్టమ్‌నే నడిపేవాళ్లు. ఇమ్యూటబుల్ సిస్టమ్‌లో మీ ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, సిస్టమ్ కూడా ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంటుంది, కాకపోతే ముక్కముక్కలుగా కాకుండా ఒక్కసారే మారుతుంది. ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కి పాకిన ఆటోరన్ వైరస్‌లకి డీప్ ఫ్రీజ్ నిజంగా మంచి మందే, నేను కాదనను.

ప్రశ్న: హైదరాబాద్‌లో డెవలపర్‌ని. కినోయిట్ వేసి ఎనిమిది నెలలైంది. మొదట్లో బాగుండేది, ఇప్పుడు ప్రతి అప్‌డేట్‌కీ పావుగంట పడుతోంది, నెలకోసారి ఏదో ప్యాకేజీ కుదరట్లేదని ఆగిపోతోంది. ఆర్‌పీఎం ఓఎస్‌ట్రీతో ఓ 30 ప్యాకేజీల దాకా వేసుకున్నాను. తప్పు నాదా, దానిదా?

జవాబు: ముప్పైయా! తప్పులో ముప్పావు వంతు మీదే, మిగతా పావు వాళ్లది, ఎందుకంటే ఆ ఆర్‌పీఎం ఓఎస్‌ట్రీ, అంటే సిస్టమ్ మీద అదనపు ప్యాకేజీలు పేర్చే కమాండ్, చూడ్డానికి అచ్చం మామూలు ఇన్‌స్టాల్ కమాండ్‌లాగే ఉంటుంది, వాడొద్దని మొహం మీద ఎవరూ చెప్పరు.

లోపల జరిగేది వేరు. మీరు ఒకసారి ఇన్‌స్టాల్ చేసి వదిలేశారు అనుకుంటారు, కానీ ప్రతి అప్‌డేట్‌కీ అది కొత్త పునాది తెచ్చి, దాని మీద మీ ముప్పైనీ మళ్లీ మొదట్నుంచి పేర్చి, ఒకదానికొకటి పడుతున్నాయో లేదో చూసి, కొత్త చెట్టు కడుతుంది. పునాది ఒక రోజు కట్టింది, మీరు బయట రిపాజిటరీ నుంచి తెచ్చుకున్న వీడియో కోడెక్ ఇంకో రోజు కట్టింది, ఇద్దరికీ కావలసిన లైబ్రరీ వెర్షన్ తేడా వచ్చిందంటే అక్కడే ఆగుతుంది. ఆగడం మంచిదే, సగం చేసి వదిలేయట్లేదు కదా, కానీ నెలకోసారి ఆగితే విసుగొస్తుంది, నిజమే.

ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: ఇది సిస్టమ్ మేలుకోవడానికి కావాలా, నాకు కావాలా? కంపైలర్లు, నోడ్, పైథాన్ లైబ్రరీలు, డేటాబేస్ క్లయింట్లు, ఇవన్నీ టూల్‌బాక్స్‌తోనో డిస్ట్రోబాక్స్‌తోనో చేసుకునే కంటైనర్‌లోకి, అంటే సిస్టమ్‌కి విడిగా ఉండే ఒక పెట్టెలోకి పోవాలి. అక్కడ మీ హోమ్ ఫోల్డర్ మీకు కనబడుతూనే ఉంటుంది, కంటైనర్ చెడితే చెరిపేసి ఇంకోటి చేసుకుంటారు. తెర మీద కిటికీ తెరిచేవి ఫ్లాట్‌పాక్‌లోకి. ఇంక సిస్టమ్ మీద మిగిలేవి కొత్త షెల్, వీపీఎన్, ఏదో హార్డ్‌వేర్ డ్రైవర్, ఇలా మూడో నాలుగో. ఆర్‌పీఎం ఓఎస్‌ట్రీలో రీసెట్ అని ఒక ఆజ్ఞ ఉంది, మీరు పేర్చినవన్నీ ఒక్కసారే తీసేసి శుభ్రమైన పునాదికి తెస్తుంది. శుక్రవారం సాయంత్రం చేయండి, సోమవారం డెమో పెట్టుకుని ఆదివారం రాత్రి చేయకండి.

ఎడిటర్‌ని ఫ్లాట్‌పాక్‌గా వేసుకుంటే మాత్రం తలనొప్పి ఉంది, అది తన పెట్టెలో తానుంటుంది కాబట్టి మీ టూల్‌బాక్స్‌లోని కంపైలర్ దానికి కనబడదు. ఎడిటర్‌ని కూడా ఆ కంటైనర్‌లోనే వేసి డిస్ట్రోబాక్స్ ద్వారా మెనూలోకి తెచ్చుకోవడం నేను చేసే పని. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లు డ్రైవర్ని తామే పేర్చుకునే బదులు యూనివర్సల్ బ్లూ వాళ్లు దాన్ని ముందే కలిపి కట్టిన ఇమేజ్‌లు (సిద్ధంగా కట్టిన పూర్తి సిస్టమ్‌లు), ఆరోరా, బ్లూఫిన్, ఆటలకైతే బజ్జైట్, అవి చూడొచ్చు. వాటిలో సిస్టమ్ మొత్తం ఒక కంటైనర్ ఇమేజ్‌లాగే తయారై వస్తుంది, పేర్చే పని మీ మెషీన్‌లో కాకుండా వాళ్ల సర్వర్‌లోనే అయిపోతుంది, కుదరకపోతే ఆ రోజు ఇమేజే బయటికి రాదు, మీకు తెలియను కూడా తెలియదు. కంటైనర్లు రాయడం మీకు చేతనైన పనే కదా, మీ మూడు నాలుగు ప్యాకేజీలూ కలిపి మీ సొంత ఇమేజ్ కట్టుకోవడం కూడా పెద్ద కష్టం కాదు.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు టీచర్ని, తెనాలి. మా అబ్బాయి నా కంప్యూటర్లో సిల్వర్‌బ్లూ పెట్టి వెళ్లాడు. బావుంది గానీ నాకు కావలసిన తెలుగు ఫాంట్లు ఎలా వేసుకోవాలి? "సిస్టమ్ మార్చడానికి ఉండదు నాన్నా" అంటాడు. నాకు యాపిల్ లేఅవుట్‌లోనే వేగం. పాత అను ఫైళ్లు కూడా చాలా ఉన్నాయి.

జవాబు: మాస్టారూ, ఫాంట్లకి సిస్టమ్ మార్చక్కర్లేదు. రామభద్ర, మండలి, ఎన్టీఆర్, గిడుగు, మీకు నచ్చిన యూనికోడ్ ఫాంట్ దించుకుని ఫైలు మీద రెండుసార్లు నొక్కితే అక్షరాలు చూపించే కిటికీ వస్తుంది, అందులో ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి. అది మీ హోమ్ ఫోల్డర్లోకే వెళ్తుంది, అక్కడ తాళం లేదు. లిబ్రేఆఫీస్ ఫ్లాట్‌పాక్‌గా ఉన్నా సరే ఆ ఫాంట్లు దానికి కనబడతాయి, ఒకసారి మూసి తెరవండి.

కీబోర్డు సంగతి వేరు, ఇదే డిజైన్ చేసేవాళ్లు బాగా ఆలోచించాల్సిన చోటు. టైపింగ్ ఇంజిన్ యాప్‌లోపల ఉండదు, మీ డెస్క్‌టాప్‌తో పాటు నడుస్తుంది, యాప్‌లు దాన్ని అడిగి అక్షరాలు తెచ్చుకుంటాయి. కాబట్టి అది పునాదిలో ఉండాల్సిందే, తర్వాత ఫ్లాట్‌పాక్‌గా తెచ్చుకుంటానంటే కుదరదు. ఇంగ్లీషు తప్ప ఇంకోటి టైప్ చేయనివాళ్లు పునాదిని సన్నగా చేద్దామని కూర్చుంటే మొదట ఎగిరిపోయేది ఇలాంటివే. మీకు కావలసింది ఐబస్ అనే టైపింగ్ ఇంజిన్‌తో వచ్చే ఎం17ఎన్ అనే లేఅవుట్ల ప్యాకేజీ. సెట్టింగ్స్‌లో కీబోర్డు, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర తెలుగు చేర్చబోతే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వరసలో యాపిల్ పేరుతోనే ఒకటి ఉంటుంది. కనబడకపోతే అబ్బాయిని ఆ ఒక్క ప్యాకేజీ పేర్చమనండి, ముప్పై పేర్చిన హైదరాబాద్ ఆయన్ని మందలించాను గానీ ఇది పేర్చదగ్గదే.

అను ఫాంట్లతో టైప్ చేసిన ఫైళ్లు యూనికోడ్ కావు, ఏ లినక్స్‌లో తెరిచినా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజే కనబడుతుంది. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. మార్చాక వత్తులు ఒకసారి చూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. అనంతపురంలో నాన్నగారి ల్యాప్‌టాప్ పాడైనప్పుడల్లా ఇక్కడ అర్ధరాత్రి నాకు వీడియో కాల్. ఇలాంటి ఓఎస్ వేసేస్తే ప్రశాంతంగా ఉంటానా?

జవాబు: సగం ప్రశాంతంగా ఉంటారు. నాన్నగారు వాడేది బ్రౌజరూ, యూట్యూబూ, ఫొటోలూ, అప్పుడప్పుడూ ఒక పీడీఎఫ్ అయితే కళ్లు మూసుకుని వేసేయండి. ఏదైనా చెడితే ఫోన్‌లో మీరు చెప్పాల్సింది ఒకటే, "నాన్నా, ఆపి ఆన్ చేసి, మొదట వచ్చే జాబితాలో రెండో వరస మీదకి కింది బాణంతో వెళ్లి ఎంటర్ కొట్టండి." నిన్నటి సిస్టమ్ వచ్చేస్తుంది. ఊరికి వెళ్లినప్పుడు అన్నీ బాగా పనిచేస్తున్న ఒక వెర్షన్‌ని పిన్ చేసి రండి, లేకపోతే రెండు మూడు అప్‌డేట్లు గడిచేసరికి అది జాబితాలోంచి జారిపోతుంది.

మీరు ఊహించని చిక్కు ఇంకోటి ఉంది. అప్‌డేట్ వెనకాల దిగి సిద్ధంగా కూర్చుంటుంది గానీ రీస్టార్ట్ చేస్తేనే అమల్లోకి వస్తుంది. మా ఇంట్లో పెద్దాయన ల్యాప్‌టాప్ ఎప్పుడూ షట్‌డౌన్ చేయరు, మూత వేసి పైన తువ్వాలు కప్పుతారంతే. నేను వెళ్లి చూసేసరికి రెండున్నర నెలలుగా ఒక్క అప్‌డేటూ ఎక్కలేదు. ఆదివారం పొద్దున్నే ఒకసారి రీస్టార్ట్ చేయమని అలవాటు చేయండి.

నాన్నగారు జీఎస్టీ పనుల కోసం డిజిటల్ సంతకం డాంగిల్ వాడినా, మూలనున్న పాత లేజర్ ప్రింటర్ వాడినా మాత్రం తొందరపడకండి. వాటి ఇన్‌స్టాలర్లు యూఎస్ఆర్‌లో తమ ఫైళ్లు పెట్టబోయి, కుదరక ఆగిపోతాయి. కొత్త నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి, ఆ గొడవ లేదు.

ప్రశ్న: లినక్స్ వాడేదే స్వేచ్ఛ కోసం. ఇప్పుడు దాన్ని కూడా ఫోన్‌లా చేసి తాళం వేస్తున్నారు. మీరు దానికి వంత పాడుతున్నారు. సిగ్గుగా లేదా?

జవాబు: లేదండీ. తాళం ఉందా అని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి. యాపిల్ 2019లో కాటలీనాతో సిస్టమ్‌ని విడి రీడ్ ఓన్లీ వాల్యూమ్ చేసింది, మరుసటేడు బిగ్ సర్‌తో దానికి క్రిప్టోగ్రఫీ ముద్ర కూడా వేసింది, ఆ ముద్ర వేయగలిగేది యాపిలే. సిల్వర్‌బ్లూలో మీరు ఒక్క ఆజ్ఞతో యూఎస్ఆర్ పైన తాత్కాలికంగా రాసుకోవచ్చు, రీస్టార్ట్‌తో పోతుంది, లేదా మీ సొంత ఇమేజ్ కట్టుకుని దానికి మారిపోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టీమ్ డెక్‌లో కూడా తాళం తీసే కమాండ్ వాళ్లే ఇచ్చారు, కాకపోతే తర్వాతి అప్‌డేట్‌లో మీ మార్పులు పోతాయి. మీ కోపంలో న్యాయం లేకపోలేదు, రేపు ఎవరైనా చెవి తమ దగ్గరే పెట్టుకుని తాళం మాత్రం మనకి అంటగడితే ఆ రోజు నేనూ మీ వెనకే నిలబడతా.

ప్రశ్న: నాకు రోజుకి 2 జీబీ మొబైల్ డేటానే దిక్కు. ఇది వేస్తే సిస్టమ్ మొత్తం ప్రతిసారీ దించుకోవాలా?

జవాబు: ఓఎస్‌ట్రీ అయితే అక్కర్లేదు, మీ దగ్గర లేని ఫైళ్లే దించుకుంటుంది. కానీ ఆరు నెలలకోసారి వచ్చే కొత్త ఫెడోరా వెర్షన్‌కి దాదాపు అన్నీ మారతాయి, ఆ రోజుకి స్నేహితుడి ఇంట్లో వైఫై చూసుకోండి. ఫ్లాట్‌పాక్‌లోనే అసలు ఖర్చు. మొదటి యాప్ చిన్నదే అయినా దాని వెనక వచ్చే రన్‌టైమ్, అంటే యాప్ నడవడానికి కావలసిన లైబ్రరీల కట్ట, కొన్ని వందల ఎంబీలు ఉంటుంది. అదే రన్‌టైమ్ మీద నడిచే రెండో యాప్‌కి మళ్లీ దించక్కర్లేదు, అందుకే గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు గ్నోమ్ యాప్‌లే, కేడీఈ డెస్క్‌టాప్ వాళ్లు కేడీఈవే ఎంచుకుంటే డేటా మిగులుతుంది. వాడని పాత రన్‌టైమ్‌లు డిస్కు మీద అలాగే పేరుకుంటాయి, నెలకోసారి ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ ఆజ్ఞకి అన్‌యూజ్డ్ అనే మాట తగిలించి కొట్టండి. ఇక సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ (డేటాకి పరిమితి ఉన్న) కనెక్షన్‌గా గుర్తు పెట్టుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే పొద్దున్న లేచేసరికి 2 జీబీ అయిపోయిందన్న మెసేజే ముందు కనబడుతుంది.